నాలుగూ పద్నాలుగుకి ఒక ‘వస్తాం’

పోయిన వారం మనం ఉమాశంకర్‌ని ఎచ్చెర్ల దగ్గరి ఇంజినీరింగు కాలేజీలో, రెండో అంతస్తు ల్యాబులో, కంప్యూటరు ముందు కూర్చోబెట్టి వదిలేశాం. మనం వారమంతా మన పనులు చూసుకుని తీరిగ్గా వచ్చాం గానీ అక్కడ గడిచింది ఒక్క గంటే. పాపం, అతను కుర్చీలోంచి లేవనైనా లేదు.

మరిచిపోయినవాళ్ళ కోసం, ఈ వారమే పత్రిక చేతికి తీసుకున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం. మొగపేట గట్టునుంచి వేటకెళ్ళిన తెప్పలు పన్నెండు. ఒడిశా వైపు పోతుందని చెప్పిన తుఫాను బుధవారం తెల్లవారుజామున దారి మార్చుకుని, ఎనిమిదింటికల్లా వీళ్ళ నెత్తిన పడింది. పదకొండు తెప్పలు ఎలాగో బతికి బయటపడ్డాయి. రానిది ఒక్కటే. అందులో ఉన్నది ఉమాశంకర్ తండ్రి ఎర్రన్న, తమ్ముడు వెంకీ, మేనమామ దాలయ్య. ఈరోజు శుక్రవారం. వెతకడానికి ఉన్నది ఒకే ఓడ. వెతుకులాట చూస్తున్న అధికారి గణపతిరావు నిన్న సాయంత్రమే నిక్కచ్చిగా చెప్పేశాడు, శుక్రవారం చీకటి పడేదాకానే అని. దక్షిణంగా ఒడ్డు వెంబడి వెతకాలా, ఈశాన్యాన లోతునీళ్ళలో వెతకాలా? రెండు వైపులా తిరిగే వేళ లేదు. ఏ వైపో తేల్చవలసిన వాడు ఉమాశంకర్. ఎందుకంటే ఆ ముగ్గురి జాడ ఈ లోకంలో ఇంకెక్కడా లేదు, అతను రాసిన ప్రోగ్రాములో తప్ప.

ఆ ప్రోగ్రాము పేరు రేవుపట్టీ. మూడేళ్ళ పరిశోధన. తెప్పకొక ఫోను, ఫోనులో మూడు బొత్తాలు. ఫ్రీ డేటా సిమ్ములు ఊరూరా పంచిన ఏడది. గట్టు మీద ఇసకలో కూర్చుని ఉమాశంకరే అందరికీ నొక్కడం నేర్పాడు. మొదట్లో ఆ బొత్తాల మీద ‘వెళ్తున్నాం’, ‘వచ్చేశాం’, ‘అందింది’ అని ఉండేవి. మొదటి బొత్తం ఒక్కడూ నొక్కలేదు. గడప దాటేటప్పుడే ‘వెళ్తాను’ అననివాళ్ళు నీళ్ళలోకి దిగేటప్పుడు అంటారా? దాలయ్య అయితే ఫోను ఇసకలోకి విసిరికొట్టి, ఎవుర్రా ఎల్లిపోయేది అని మేనల్లుడి మీద ఇంతెత్తున లేచాడు. ఉమాశంకర్ నాలిక కరుచుకుని, ఆ బొత్తం మీద మాట తీసేసి ‘వస్తాం’ అని పెట్టాడు. అప్పట్నుంచి అందరూ బుద్ధిగా నొక్కారు.

బాగానే ఉంది. కానీ బుధవారం తెల్లవారుజామున రేవుపట్టీ ‘తుఫాను దారి మారింది, వెనక్కి రండి’ అని అన్ని తెప్పలకీ కబురు పంపినప్పుడు ఏం జరిగింది? జవాబుగా ‘అందింది’ నొక్కాలి కదా. పదకొండు తెప్పల్లో తొమ్మిది ‘వస్తాం’ నొక్కాయి. రమ్మంటే వస్తామంటారు గానీ అందిందంటారా ఎవరైనా? ఆ ఊళ్ళో పుట్టి, ఆ ఇసకలో దొర్లిన మనిషికి ఈ చిన్న సంగతి తోచలేదంటే నాకు ఒళ్ళు మండుతుంది. అతనికి ఇంకా ఎక్కువ మండింది, అది వేరే సంగతి.

మిగిలిన తెప్పలతో పేచీ లేదు. అవి రాత్రి ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య ఒకసారి, హెచ్చరిక తరవాత ఒకసారి, రెండుసార్లు మాట పంపాయి. ఎర్రన్న తెప్పది ఒకే ఒక్క మాట. బుధవారం, నాలుగూ పద్నాలుగుకి, ‘వస్తాం’. నాలుగింటికే పంపిన హెచ్చరిక అందిన రశీదు కూడా, సిగ్నలు సరిగా లేక, అదే నిమిషంలో, అదే సెకనులో రాతకెక్కింది. ఏది ముందు? మాట ముందైతే వాళ్ళు అప్పుడే తెప్ప తోసి, హెచ్చరిక చూడకుండా ఈశాన్యంగా పోయినట్టు. ఆ వారం చేప పడుతున్నది అటే. హెచ్చరిక ముందైతే వాళ్ళు నొక్కడం మరిచి రాత్రే వెళ్ళి, కబురు చూసుకుని, జవాబిచ్చి, ఇంటి మొహం పట్టినట్టు. అలాంటప్పుడు గాలి కొట్టేసరికి ఒడ్డుకి దగ్గర్లో ఉంటారు, నీటి వాలు దక్షిణానికి ఈడుస్తుంది. తెప్ప తోయడం చూసినవాళ్ళు ఊళ్ళో లేరు. ఎర్రన్న తెప్ప కట్టేది ఏరు సముద్రంలో కలిసే మొగ అవతల, అందరికీ దూరంగా. ఉమాశంకర్ తల్లి మరిడమ్మ ఆ రాత్రి ఎండుచేపల బుట్టతో కోటబొమ్మాళి సంతకి పోయి చెల్లెలింట్లో ఉండిపోయింది. వెంకీ పెళ్ళాం రాణిని అడిగితే నాకు తెల్దు, తొంగున్నాను అంది.

ప్రోగ్రాముల సంగతి తెలియనివాళ్ళు భయపడక్కర్లేదు. రేవుపట్టీలో ఇద్దరు గుమాస్తాలున్నారనుకోండి. ఒకడు బయటికి కబుర్లు పంపుతాడు, ఒకడు లోపలికి వచ్చిన మాటలు రాస్తాడు. ఎవడి పని వాడిదే, ఒకడి కోసం ఒకడు ఆగడు. ఆ సెకనులో ఇద్దరూ ఒకే గడిలో రాశారు. పంపేవాడి రాత, మాటలు రాసేవాడి రాతని కొంత తుడిచేసింది. తుడిచిపెట్టుకుపోయింది ఏమిటయ్యా అంటే, మాట వెనకాల ఫోను కట్టి పంపే చిన్న తోక: ఈ బొత్తం నొక్కేనాటికి ఈ ఫోనుకి హెచ్చరికలెన్ని అందాయి అన్న అంకె. సున్నా అయితే ఈశాన్యం. ఒకటి అయితే దక్షిణం. ఇంతే.

మామూలు ప్రోగ్రాములో తుడిచిపోయింది పోయినట్టే. ఉమాశంకర్‌ది అలాంటిది కాదు, అతని మూడేళ్ళ కష్టమంతా అక్కడే ఉంది. అది దేన్నీ పారెయ్యదు. వేసిన ప్రతి అడుగుకీ ఆనవాలు ఉంచుకుని, అడిగితే వెనక్కి నడుస్తుంది. తంటా ఎక్కడంటే, ఇద్దరు గుమాస్తాలనీ కలిపి నడిపించాలి. ఒకడి పని వల్ల రెండోవాడి పని జరిగుంటే, ముందు రెండోదాన్ని వెనక్కి తియ్యాలి, తరవాతే మొదటిది. గట్టు మీద పెద్దవల లాగేటప్పుడు రెండు తాళ్ళ దగ్గరా రెండు జట్లు ఉంటాయి చూడండి. ఒక జట్టు తొందరపడితే వల వాలిపోతుంది. అలాగే ఇక్కడా. గురువారమంతా రెండుసార్లు వెనక్కి నడిపిస్తే రెండుసార్లూ మధ్యలో మొరాయించింది. మూడోసారి నడుస్తుండగా మనం పోయిన వారం వదిలేశాం.

ఇప్పుడు పదకొండు దాటి ఐదు నిమిషాలు. పక్కన జగదీశ్వరి మేడమ్ నిలబడి ఉంది. అతనికి ఈ వెనకనడక విద్య నేర్పింది ఆవిడే. శ్రీముఖలింగం గుడిలో తాతలు పాడిన ఇంట్లో పుట్టిన మనిషి. తండ్రి దగ్గర పాట నేర్చుకుంది, గొంతు ఎప్పుడూ ఒక మెట్టు మించి పైకి లేవదు. తెర మీద అంకెలు ఒకటొకటిగా తగ్గుతూ బుధవారంలోకి దిగుతున్నాయి. ఆరు, ఐదున్నర, ఐదు. నాలుగూ ఇరవై దగ్గర ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కదిలింది. నాలుగూ పద్నాలుగు. గడిలో ఉన్న రాత పోయి, దాని కింది రాత పైకి తేలింది. ‘వస్తాం’. తోకలో ఒకటి.

సున్నా కాదు, ఒకటి.

“ఉమా, నడిచింది,” అంది జగదీశ్వరి. ఆ గొంతు ల్యాబంతా వినపడింది. మరుక్షణమే ఆవిడ మొహం పాలిపోయింది. ముగ్గురు మనుషులు నీళ్ళలో ఉండగా ప్రోగ్రాము పనిచేసిందని సంతోషపడ్డానేమిటా అని సిగ్గుపడి, కిటికీ వైపు తిరిగిపోయింది. ఉమాశంకర్ అదేమీ పట్టించుకునే స్థితిలో లేడు. తమ్ముడు హెచ్చరిక చూశాడు. చూసి వస్తామన్నాడు. తిరిగి వస్తున్నాడు. అతనికి అంతకంటే ఏం కావాలి? మూడు రోజుల్లో మొదటిసారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

గణపతిరావుకి ఫోన్ చేశాడు. ఒడ్డుకి దగ్గర్లో, దక్షిణంగా అని చెప్పాడు. ఖాయమేనా అని అడిగితే, ఖాయమే సార్ అన్నాడు. ఆ ‘ఖాయమే’ అన్న మాట అన్నప్పుడు గొంతులో కాస్త గర్వం కూడా ఉంది, దాచడం ఎందుకు. మధ్యాహ్నం పన్నెండుకల్లా ఓడ దక్షిణానికి తిరిగింది.

రెండున్నరకి మరిడమ్మ వచ్చింది. వెంట రాణి. కబురు ఊరికి చేరిందట, మీ పెద్దోడి మిషన్లో చిన్నోడి మాట దొరికిందని. మరిడమ్మ బుధవారం నుంచి పచ్చి గంగ ముట్టలేదు. ఈ కబురు విని ఇంత గంజి తాగి, ఆటో ఎక్కి వచ్చేసింది. ఏడో నెల కడుపుతో ఉన్న కోడల్ని ఎందుకు తీసుకొచ్చావమ్మా అని ఉమాశంకర్ కోప్పడ్డాడు. ఇదే వస్తానని కూకున్నాది, నాను రమ్మన్నేదు అంది మరిడమ్మ. రాణి గోడవార కుర్చీ అంచున కూర్చుని, కొంగు ముడి విప్పుతూ మళ్ళీ వేస్తూ ఉంది.

మరిడమ్మకి అక్షరం ముక్క రాదు. అయినా చూస్తానంది. ఉమాశంకర్ తెర మీద వేలు పెట్టి చూపించాడు. ఇదేనమ్మా, తమ్ముడు నొక్కింది. ఆవిడ దగ్గరికి వంగి, చాలాసేపు చూసింది. ఆ మాటకి పక్కన ఉన్న ఒకటేమిటని అడిగింది. హెచ్చరిక అందినట్టు గుర్తని చెప్పాడు. అయితే మాటిన్నాడన్నమాట, చిన్నప్పట్నుంచీ ఎవులి మాటా ఇనేవాడు కాడు, ఇప్పుడిన్నాడు అని తనలో తను అనుకుంది. తరవాత కొడుకు భుజం మీద చెయ్యి వేసింది.

“ఒరే ఉమా, ఎనక్కి తిప్పగలవంట కదా ఇది. ఇంకాసింత తిప్పు. ఆలు తెప్ప తోసిన కాడికి తిప్పేయి.”

తిప్పగలనమ్మా అన్నాడు, కానీ తిరిగేది మిషన్ రాసుకున్న రాతలే. సముద్రం తిరగదు. తెప్ప తిరగదు. నెమ్మదిగా, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు. ఆవిడ విసుక్కోలేదు, ఏడవలేదు. అంతా విని, మూడేళ్ళు సదివినావు కదరా, మరెందుకది అని మాత్రం అడిగింది. జగదీశ్వరి మేడమ్ ముందుకొచ్చి, కిందికి పోయి టీ తాగి వద్దాం రండమ్మా, మొహం కడుక్కుందురుగాని అని ఆవిడ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది.

ల్యాబులో రాణి, అతనూ మిగిలారు. ఫ్యాను తిరుగుతోంది. అతను తెర వైపు తిరిగి, చేసేందుకేమీ లేకపోయినా ఏదో చేస్తున్నట్టు కూర్చున్నాడు. మరదలితో ఎప్పుడూ పట్టుమని పది మాటలు మాట్లాడిన మనిషి కాదు. వెనకనుంచి రాణి గొంతు వినిపించింది.

“బావా, ఆ ఒకటంటే, అది అందినాకే ఇది నొక్కినట్టు. అంతేనా?”

అంతే అన్నాడు.

“నిజిమే సెప్పినాది నీ మిషను. అందినాకే నొక్కినాను.”

అవునన్నట్టు తల ఊపాడు. వాడు నొక్కినాడు అనే వినపడింది అతని చెవికి. మూడు రోజులుగా వింటున్నదీ, అనుకుంటున్నదీ అదే కదా. రెండు క్షణాలు గడిచాక, ఆ మాట చివర్న ఉన్నది ‘నాడు’ కాదు ‘నాను’ అని మెల్లగా బుర్రకెక్కింది. వెనక్కి తిరిగాడు. రాణి కొంగు ముడిలోంచి ఫోను తీసి ఒళ్ళో పెట్టుకుని ఉంది. వెనక అట్ట ఊడిపోకుండా నీలం టేపు చుట్టిన ఫోను. ఆ టేపు చుట్టింది ఉమాశంకరే. తెప్ప ఫోను.

“ఒగ్గేసి ఎల్లినాడు బావా. అత్త సంతకెల్లిపోనాది, ఇంట్లో ఎవులూ నేరు, నొప్పులొస్తే నూటెనిమిది బండికి ఫోన్ సెయ్యాల అని నాకిచ్చేసినాడు.”

ఆ తరవాత ఆ అమ్మాయి చెప్పింది చెప్పినట్టు రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. తడుముకుంటూ, ముందుది వెనక్కీ వెనకది ముందుకీ చెప్పింది. కూడగట్టి చెబుతాను. రాత్రి తొమ్మిదింటికి ఆటుకి నీరు తీస్తుంది, అప్పుడు తోస్తాం, నువ్వు ఇంట్లోంచే ‘వస్తాం’ నొక్కెయ్యి అని వెంకీ చెప్పి వెళ్ళాడు. నడుము నొప్పిగా ఉందని రాణి కాసేపు వాలింది. నిద్ర పట్టేసింది. ఫోను గుర్రుమంటే లేచింది. అప్పటికి నాలుగు దాటింది. ఎనిమిది దాకా చదువుకున్న పిల్ల, హెచ్చరిక చదవగలిగింది. ఆ చీకట్లో, ఆ కడుపుతో మొగ దాకా పరిగెత్తింది. తెప్ప లేదు, గట్టు మీద మనిషి లేడు. అక్కడే నిలబడి ఆ బొత్తం నొక్కింది. ఎందుకు నొక్కావని ఉమాశంకర్ అడగలేదు, ఆమే చెప్పింది. పట్టీలో మన తెప్ప పేరే నేదు బావా, ఇంట్లో ఉన్నారనుకుంటారు, నీళ్ళ మీదున్నట్టయినా ఎవులికైనా తెలవాల కదా అని.

బుధవారం మధ్యాహ్నం తెప్పల లెక్క చూడటానికి ఊళ్ళోకి వచ్చినవాళ్ళు, మీ తెప్ప నుంచి నాలుగింటికి మాట వచ్చింది అన్నారు. మరిడమ్మ ఆ మాట పట్టుకుని లేచి కూర్చుంది. అప్పుడు చెప్పలేకపోయింది రాణి. ఫోను ఆపేసి బియ్యం డబ్బాలో పెట్టేసింది. గురువారం చెబుదామనుకుంది. శుక్రవారం అత్త గంజి తాగింది. గంజి తాగుతున్న మనిషికి ఎలగ సెప్పను అని, అంతవరకు తడి లేని ఆ కళ్ళు తుడుచుకుంది.

ఉమాశంకర్‌కి మరదలి మీద కోపం రాలేదు. రావాల్సిన కోపమంతా అతని మీదే అతనికి వచ్చింది. మిషన్ తప్పు చెప్పలేదు. అందిన తరవాతే నొక్కారంది, నిజం. ఆ హెచ్చరిక వల్లనే ఈ మాట పుట్టిందంది, అదీ నిజమే. ఏది ముందో, ఏది వెనకో, దేని వల్ల ఏదో, వెంట్రుకవాసి తేడా లేకుండా తేల్చి చెప్పింది. నొక్కిన వేలు ఎవరిదో దానికి తెలియదు, తెలుసునని అది అననూ లేదు. అన్నవాడు ఇతను. ఖాయమే సార్ అని. బుధవారం నుంచి లక్షల అడుగులు వెనక్కి నడిచాడు గానీ, మొగపేట దాకా పోయి, అమ్మా రాణీ, ఫోను వెంకీ పట్టుకెళ్ళాడా అని ఒక్క ముక్క అడగలేదు. అడగాలని తోచనైనా తోచలేదు. ఏం చదువులో ఏమో.

వాళ్ళు తోసింది రాత్రి తొమ్మిదికి. గాలి కొట్టింది పొద్దున్న ఎనిమిదికి. పదకొండు గంటలు. తిరిగి రమ్మన్న మాట చేరలేదు కాబట్టి తిరిగి ఉండరు. ఈశాన్యంగా, ఎవరూ లెక్క వెయ్యనంత దూరంలో, వలలు దింపుకుని కూర్చుని ఉంటారు. ఓడ సరిగ్గా దానికి ఎదురు దిక్కున ఉంది.

గణపతిరావుకి ఫోన్ చేశాడు. అప్పటికి మూడు దాటింది. ఆయన పూర్తిగా విన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు.

“ఓడ భీమిలి దగ్గరుంది బాబూ. ఈశాన్యానికి తిప్పితే ఎనిమిది గంటలు. వెలుతురు ఐదున్నర దాకా. నువ్వే లెక్క వేసుకో.”

రేపు సార్, రేపొక్క పొద్దు అన్నాడు ఉమాశంకర్. పొద్దున్న ఒకటి చెప్పి మధ్యాహ్నం ఇంకొకటి చెబితే పైవాళ్ళు వినరన్నాడు గణపతిరావు. నాలుగో రోజు సముద్రం మీద ఎవరుంటారన్న మాట పైవాళ్ళు అననే అన్నారట, అది కూడా చెప్పాడు. చివరికి ఒక దారి చూపించాడు. ఆ అమ్మాయి, ఆ ఫోను, రెండూ ఐదుకల్లా కళింగపట్నం శిబిరంలో తన ముందు ఉండాలి. జరిగింది ఆమె నోటితో ఆమె చెప్పాలి, రాసుకుని వేలిముద్రో సంతకమో తీసుకుంటాడు. ఆ కాగితం పట్టుకుని ఇంకొక్క పొద్దు అడుగుతాడు. ఇస్తారని మాట ఇవ్వలేనన్నాడు. ఇచ్చినా ఏం దొరుకుతుందో చెప్పలేనని ఆయన అనలేదు గానీ ఉమాశంకర్‌కి వినిపించింది.

ఎచ్చెర్ల నుంచి కళింగపట్నం ఆటోలో గంటన్నర పైమాట. మూడుంబావు. లేచాడు. అప్పుడు గుర్తొచ్చింది, కింద టీ తాగుతున్న తల్లి. ఆవిడ ఆ ఒక్క మాట మీదే నిలబడి ఉంది. అది లాగేస్తే? అతనికి ఆ క్షణంలో తోచింది అబద్ధమే. నిన్ను ఆసుపత్రికి తీసుకెళ్తున్నానని అమ్మకి చెబుతాను, కడుపు నొప్పి అను, అమ్మని మేడమ్ దగ్గర ఉంచుదాం, తరవాత సంగతి తరవాత అని గబగబా చెప్పాడు. రాణి అతని మొహంలోకి చూసింది. మూడు రోజులు నాను అలాగే అనుకున్నాను బావా అంది.

మెట్ల మీద మాటలు వినపడ్డాయి. మరిడమ్మ పైకి వచ్చింది. మొహం కడుక్కుని, జుట్టు సవరించుకుని, ఇందాకటి కంటే ఒక పిసరు తేటగా ఉంది. మేడమ్ బిస్కట్లు పెట్టిందట. రెండు కొంగున కట్టుకొచ్చి, తినే అమ్మీ అని రాణి చేతిలో పెట్టింది. ఉమాశంకర్ నోరు తెరిచాడు. ఆసుపత్రి మాట నాలిక చివర్న ఉంది. కానీ ఆవిడ అతని వైపు చూడలేదు. నేరుగా తెర దగ్గరికి పోయింది. ఇందాక వేలు పెట్టి చూపించిన చోటు గుర్తు పెట్టుకుంది; చదువు రాకపోయినా సరిగ్గా ఆ మాట మీదే అరచెయ్యి ఆనించింది. వెచ్చగా ఉన్నాదిరా అంది. గదిలో ముగ్గురున్నారన్న సంగతి కూడా ఆవిడకి పట్టలేదు.

“రండి నాయినా. బేగి రండి. ఇక్కడే ఉన్నాను.”

రాణి లేచి నిలబడింది. బిస్కట్లు చేతిలోంచి జారి కింద పడ్డాయి. ఉమాశంకర్ వద్దన్నట్టు చెయ్యి ఎత్తాడు. ఎందుకెత్తాడో అతనికే తెలియదు, ఆపాలనో, ఆసరా కోసమో.

“అత్తా,” అంది రాణి. “ఆ మాట ఆడిది కాదు. నాది. ఫోను ఇంటికాడే ఉన్నాది.”

ఫోను ముందుకి చాచింది. నీలం టేపు చూసి మరిడమ్మకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఆవిడ ఫోను అందుకోలేదు. తెర మీదనుంచి చెయ్యి తియ్యలేదు. జగదీశ్వరి గుమ్మం దగ్గరే నిలిచిపోయింది. గోడ మీద గడియారం మూడూ ఇరవై చూపిస్తోంది. ఇప్పుడు బయల్దేరితేనే ఐదుకి చేరతారు. ఉమాశంకర్ తల్లి దగ్గరికి ఒక అడుగు వేశాడు. మరిడమ్మ కోడలి వైపు తల తిప్పింది. కోపం లేదు ఆ కళ్ళలో, ఏడుపు లేదు. ఏదో అర్థం కాని సంగతి అడుగుతున్నట్టు, మెల్లగా అడిగింది.

“మరైతే తుఫానొస్తాదని ఆలకి ఎవులు సెప్పినారే?”